మాస్టర్ ప్లాన్‌కి పార్కుల గురించి ఏం రాసివ్వాలి? "పెద్ద పార్కు కావాలి" అంటే సరిపోతుందా?

తెల్లాపూర్_తూర్పు
చుట్టుపక్కల కాలనీ సంఘాలన్నీ కలిసి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్ 2050 కోసం ఒక వినతిపత్రం తయారుచేస్తున్నాయి. ముసాయిదా బయటికొచ్చాక అభ్యంతరాలు రాసేకన్నా ముందే మన మాట చేరాలని. ఇప్పటిదాకా తయారైన వాక్యం: "మా ప్రాంతానికి ఒక పెద్ద పార్కు, పిల్లలకి ఆటస్థలం, వాకింగ్ ట్రాక్ మంజూరు చేయవలసిందిగా ప్రార్థన." అందరూ బాగుందంటున్నారు, నాకే తేడా కొడుతోంది. నిన్నటి జొన్నచేలల్లో ఇవాళ నలభై అంతస్తులు లేస్తున్నాయి. ఇలాంటి చోట ఎంత అడగాలి, ఏ లెక్కతో అడగాలి, ఎలా రాస్తే ప్లానింగ్ వాళ్లు పక్కన పడేయలేరు? "ఎమ్మెల్యేని కలవండి" తప్ప ఇంకేదైనా చెప్పండి.

చదరపుగజం
"ప్రార్థన" తీసెయ్. "పెద్ద" కూడా తీసెయ్. ప్లానింగ్ ఆఫీసులో విశేషణాలకి పనిలేదు, హెక్టార్లు కావాలి.

కేంద్రం 2014లో ఇచ్చిన యూఆర్‌డీపీఎఫ్‌ఐ (పట్టణ, ప్రాంతీయ ప్రణాళికల) మార్గదర్శకాల్లో జనాభాని బట్టి పార్కుల మెట్లున్నాయి. 5 వేల మందికి అర హెక్టారు, 15 వేలకి 1 హెక్టారు, లక్షకి 5 హెక్టార్లు, 5 లక్షలకి 25, పది లక్షలకి 100. ఏ మెట్టు మీ దగ్గర లేదో చూసి దాన్ని అడగండి. కొత్త ప్రాంతాల్లో సాధారణంగా మొదటి మెట్టు ముక్కలుచెక్కలుగా ఉంటుంది, మధ్యలో ఉండాల్సిన 1 హెక్టారు, 5 హెక్టార్లవి అసలే కనపడవు.

కందిచేను
అదే మార్గదర్శకాలల్ల మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్లు ఖాళీజాగ ఉండాలని గూడ ఉంది గదా. లక్ష మందికి 10 చొప్పున ఏస్తే 100 హెక్టార్లు, అంటే 247 ఎకరాలు. కోకాపేట పక్కన 247 ఎకరాలు పార్కుకి ఇస్తరా? ఆ కాయితం చూసి నవ్వుతరు.

చదరపుగజం
@కందిచేను అందుకే 10ని పట్టుకుని వేలాడొద్దంటున్నా. పైన చెప్పిన ఐదు మెట్లనీ తలకి లెక్కేసి కూడితే 1 + 0.67 + 0.5 + 0.5 + 1, అంటే సుమారు 3.67 చదరపు మీటర్లే వస్తుంది. మిగతాది ఆటస్థలాలు, హరిత పట్టీలు, చెరువు గట్లు, అడవి ముక్కలు కలిపితే వచ్చేది. 10 అని ఒక్క అంకె రాస్తే అవతలివాళ్లు నగరంలోని జాతీయ పార్కులు మృగవని, కేబీఆర్, హరిణ వనస్థలి విస్తీర్ణం కలిపి జనాభాతో భాగించి "ఉందిగా" అంటారు. వనస్థలిపురంలో 14.59 చదరపు కిలోమీటర్ల జింకల పార్కుంటే తెల్లాపూర్ పిల్లాడికి ఏం ఒరిగింది? మెట్టుమెట్టుకీ విడిగా అడిగితే ఆ తప్పించుకోవడం కుదరదు.

సర్వేగొలుసు
అసలు జబ్బు ఇంకోచోటుంది. మన లేఅవుట్ నిబంధనలో ఖాళీస్థలం భూమిలో 10 శాతం, మనుషుల లెక్క కాదు. పదెకరాల లేఅవుట్‌లో పార్కు ఒక ఎకరం, 4,047 చదరపు మీటర్లు. రోడ్లూ అవీ పోగా సుమారు 130 ప్లాట్లు, రెండొందల గజాలవి. ప్లాటుకో నలుగురి కుటుంబం ఉన్నప్పుడు మనిషికి 7.8 చదరపు మీటర్లు. పదేళ్లకి ప్రతి ప్లాటులో మూడంతస్తులు లేస్తాయి, అంతస్తుకో కుటుంబం. అప్పుడు 2.6. పార్కు తగ్గలేదు, ఎవరూ కబ్జా చెయ్యలేదు, అయినా మూడో వంతుకి పడిపోయింది.

టవర్లయితే చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చనే) పరిమితి లేదు. అయిదెకరాల్లో 1,500 ఫ్లాట్లు, ఫ్లాటుకి మూడున్నర మంది అనుకోండి, 5,250 మంది. ఆవరణలో 10 శాతం అంటే 2,023 చదరపు మీటర్లు. తలకి 0.39. ఒక తలుపు పరిచినంత జాగా కూడా కాదు.

తెల్లాపూర్_తూర్పు
0.39! దీన్ని మొదటి పేజీలోనే పెడతా. కానీ బిల్డర్లు "లోపల క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ ఇస్తున్నాం కదా" అంటారు.

సర్వేగొలుసు
గేటు లోపలిది ఊరి పార్కు కాదు. పక్క బస్తీ పిల్లలు, ఆ టవర్లలో పనిచేసేవాళ్ల పిల్లలు అందులోకి పోలేరు. పైగా చాలాచోట్ల పచ్చదనం పోడియం (టవర్ల అడుగు అంతస్తుల కప్పు) మీద, కింద పార్కింగ్, పైన అడుగున్నర మట్టి. అందులో గడ్డి, క్రోటన్లు తప్ప నీడచెట్టు పెరగదు. ముంబయి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, తప్పనిసరి ఆటస్థలం నేల మీదే ఉండాలి, పోడియం మీదది లెక్కలోకి రాదని. మన నిబంధనలోనూ ఆ ముక్క స్పష్టంగా రావాలని రాయండి.

ఫ్రీమాంట్_పెరుగన్నం
కాలిఫోర్నియాలో దీనికి 1965 నుంచీ క్వింబీ చట్టం ఉంది. లేఅవుట్ వేసేవాణ్ణి వెయ్యి మందికి 3 ఎకరాల లెక్కన పార్కు భూమి ఇమ్మని, లేదా దానికి సమానమైన డబ్బు కట్టమని ఊరి పాలకులు నిబంధన పెట్టొచ్చు. ఆ ఊళ్లో అప్పటికే అంతకన్నా ఎక్కువ పార్కులుంటే 5 ఎకరాల దాకా అడగొచ్చు. 3 ఎకరాలంటే మనిషికి 12 చదరపు మీటర్లు. ఇళ్లు పెరిగితే బాకీ పెరుగుతుంది, ఎత్తుకి పోయినా వదలదు.

కందిచేను
ఫ్రీమాంట్ల ఎకరాకి ఎన్ని ఇండ్లు, కోకాపేటల ఎన్ని? ఆ లెక్క ఈడ పెడితే టవర్ కన్న పార్కు పెద్దగైతది 😄

ఫ్రీమాంట్_పెరుగన్నం
12 పెట్టమనట్లేదు సామీ, పద్ధతి మార్చమంటున్నా. 2 పెట్టినా చాలు, భూమి మీద కాకుండా ఫ్లాట్ల మీద పెట్టాలి. పైన చెప్పిన టవర్‌కి 2 అంటే 10,500 చదరపు మీటర్లు, రెండున్నర ఎకరాలు. ఆవరణలో కుదరకపోతే అర కిలోమీటరు లోపల బయట కొని మున్సిపాలిటీకి రాసివ్వాలి. నలుగురు బిల్డర్లు కలిస్తే 10 ఎకరాలు ఒకేచోట వస్తుంది.

పన్నుకట్టేవాడు
డబ్బు కట్టే దారి తెరిస్తే అందరూ అందులోంచే పోతారు. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) చూడండి. 2020 జీవో 131 ప్రకారం ఖాళీస్థలం వదలని అనధికార లేఅవుట్లలో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలు. కట్టిన రసీదు మీ దగ్గరుంటుంది, ఆ డబ్బుతో మీ వీధికి దగ్గర్లో కొన్న పార్కు ఏదో చూపించమనండి. చెన్నై నిబంధన కాస్త నయం. 3,000 నుంచి 10,000 చదరపు మీటర్ల స్థలమైతే భూమో డబ్బో, 10,000 దాటితే 10 శాతం భూమే ఇవ్వాలి, డబ్బు చెల్లదు.

వినతిపత్రంలో రాయాల్సింది: ఓపెన్ స్పేస్ చార్జీలు విడి ఖాతాలో, వార్డులవారీగా, పార్కు భూమి కొనడానికే. ట్రీగార్డులకి, గేటుకి రంగులకి వాడకూడదు. ఏటా జమాఖర్చు బయట పెట్టాలి.

పిల్లలతల్లి_నానమ్మ
మీరంతా ఎకరాల దగ్గరే ఉన్నారు. దూరం ఎవరూ చెప్పలేదు. 400 మీటర్లు, అదీ మ్యాపు మీద గీసిన వృత్తం కాదు, కాళ్లతో నడిచే దారి. మధ్యలో ఆరు లైన్ల రోడ్డో, నాలానో, రైలు పట్టాలో ఉంటే ఆ పార్కు అవతలి వాళ్లదే. గేటు ఎటుందో కూడా చూడాలి. రెండెకరాల పార్కుకి ఒకే గేటు పెడితే వెనక వీధి వాళ్లకి చుట్టూ తిరగడానికే అదనంగా రెండు వందల మీటర్లవుతుంది. అడగాల్సింది ఇలా: "ప్రధాన రోడ్డు దాటకుండా 400 మీటర్ల నడకలో కనీసం అర హెక్టారు."

చెరువుగట్టు
భూమి లేదు లేదు అంటున్నారు, చెరువుల చుట్టూ ఉందిగా. భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే ఖాళీగా వదలాల్సిన పట్టీ. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకి 9 మీటర్లు, అంతకన్నా సన్నదానికి 2. వినోదానికి తప్ప ఏ కట్టడమూ కుదరదు. అంటే చట్టం ఇప్పటికే గీసిపెట్టిన పార్కులు. గొలుసుకట్టు చెరువుల్ని కలిపే వాగుల వెంట నడకదారి వేస్తే పెద్దగా భూసేకరణ లేకుండా కిలోమీటర్ల పొడవునా పార్కు.

సర్వేగొలుసు
@చెరువుగట్టు ఇక్కడ విభేదిస్తా. అదే జీవోలో బఫర్‌ని టాట్‌లాట్ (చిన్నపిల్లల ఆటచోటు) కిందో, ఆర్గనైజ్డ్ ఓపెన్ స్పేస్ (తప్పనిసరి ఖాళీస్థలం) కిందో లెక్కేసుకోవచ్చని ఉంది. దాంతో బిల్డర్ ఎలాగూ కట్టలేని నేలనే మీకు పార్కుగా చూపిస్తాడు, ఎత్తు మీద పొడి నేలంతా అమ్ముకుంటాడు. ఆగస్టులో ఉయ్యాలలు నీళ్లలో. వినతిపత్రంలో "బఫర్‌ని 10 శాతంలో కలపరాదు" అని ఒక వాక్యం తప్పనిసరి.

చెరువుగట్టు
కలపొద్దనే నేనూ అనేది. కానీ బఫర్ ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో తెలుసుగా, ముందు శిథిలాల డంపింగ్, తర్వాత పార్కింగ్, ఆ తర్వాత రేకుల షెడ్డు. మనుషులు రోజూ నడిచే గట్టు కబ్జా కాదు. అక్కడ పెట్టాల్సినవి వేరు: మొరం ట్రాక్, తూటుకూర పెరిగితే తీసేందుకు ర్యాంపు, బెంచీలు. సిమెంటు ప్లాజా, ఫౌంటెన్, ఫుడ్ కోర్టు వద్దు. చెరువు చుట్టూ రాతి గోడ కట్టి "సుందరీకరణ" అంటే నీళ్లు పీల్చే నేల పోతుంది, గట్టున గడ్డిలో గుడ్లు పెట్టే పక్షులూ పోతాయి.

బాక్స్‌క్రికెట్
ఇంతమంది రాశారు, ఒక్కరూ గ్రౌండ్ అనలేదు. పార్కంటే అంకుల్స్ గుండ్రంగా తిరిగే చోటేనా? పన్నెండేళ్ల నుంచి పాతికేళ్ల దాకా ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలి? గంటకింత కట్టి నెట్ లోపల ఆడాలా?

చదరపుగజం
న్యాయమైన మాట. యూఆర్‌డీపీఎఫ్‌ఐలో ఆటస్థలాలది వేరే పట్టిక. 5 వేలకి అర హెక్టారు, 15 వేలకి ఒకటిన్నర హెక్టారు, లక్షకి 8 హెక్టార్ల జిల్లాస్థాయి క్రీడాకేంద్రం. పార్కూ గ్రౌండూ ఒకటే అని రాస్తే రెండింటికీ కలిపి ఒకే ముక్క ఇచ్చేస్తారు, తర్వాత వాకర్స్ సంఘానికీ కుర్రాళ్లకీ రోజూ పంచాయితీ.

పన్నుకట్టేవాడు
ఆ పంచాయితీలో ఎప్పుడూ వాకర్సే గెలుస్తారు. కార్పొరేటర్ నంబరు వాళ్ల దగ్గరుంటుంది మరి.

బాక్స్‌క్రికెట్
😂 "బంతి ఆట నిషేధం" బోర్డు లేని పార్కు ఉంటే లొకేషన్ పంపండి.

పిల్లలతల్లి_నానమ్మ
క్రికెట్ ఒక్కటే ఆట కాదు బాబూ. అదే ఎకరంలో ఎన్ని పడతాయో చూడు. కబడ్డీ కోర్టు 13 × 10 మీటర్లు. వాలీబాల్ 18 × 9, చుట్టూ 3 మీటర్లు వదిలితే 24 × 15. ఖోఖో 27 × 16. మూడూ కలిపినా వెయ్యి చదరపు మీటర్లు దాటవు, ఎకరంలో పావువంతు. క్రికెట్‌కి ఇచ్చిన మైదానంలో ఆడపిల్లలకి చోటు దొరకదు. కోర్టులు గీసి ఉంటే గంటలు పంచుకోవచ్చు.

ప్రభుత్వ బడుల గ్రౌండ్లు సాయంత్రం ఐదు తర్వాత, సెలవుల్లో తెరవమని కూడా రాయండి. బడి తరగతి గదుల వైపు కంచె, గ్రౌండుకి విడి గేటు, విడి మరుగుదొడ్డి ఉంటేనే హెడ్‌మాస్టర్లు ఒప్పుకుంటారు. కొత్త బడుల ప్లాన్‌లోనే ఆ గేటు గీయించాలి.

మామిడితోపు_నారాయణ
మాస్టర్ ప్లాన్‌లో పట్టా భూమికి ఆకుపచ్చ రంగేస్తే పార్కు వచ్చేసినట్టేనా అండీ? రిక్రియేషన్ జోన్ అని రాస్తారు, కొనరు, ఇల్లు కట్టుకోనివ్వరు, అమ్మితే సగం ధర. ఇరవై ఏళ్లకి భూమి యజమాని పైరవీ చేసి జోన్ మార్పించుకుంటాడు. తప్పు అతనిదా? మహారాష్ట్ర చట్టంలో అయినా ఒక దారుంది, రిజర్వ్ చేసి పదేళ్లలో తీసుకోకపోతే యజమాని నోటీసిస్తాడు, అప్పటికీ తీసుకోకపోతే రిజర్వేషన్ రద్దు.

చదరపుగజం
@మామిడితోపు_నారాయణ నూటికి నూరుపాళ్లు. ఎవరి భూమో, ఎలా తీసుకుంటారో, ఎప్పటిలోగానో చెప్పని ఆకుపచ్చ రంగుతో పార్కు రాదు. దార్లు మూడు. టీడీఆర్ (భూమికి బదులుగా ఇంకోచోట కట్టుకునే, అమ్ముకునే హక్కు): 2017 ఉత్తర్వులో రోడ్డుకిచ్చిన భూమికి 400 శాతం, చెరువులు, నాలాల అభివృద్ధికిచ్చిన దానికి 200 శాతం పెట్టారు. పార్కుకీ రోడ్డుతో సమానంగా ఇవ్వమని అడగండి, లేకపోతే ఎవరూ ఇవ్వరు. రెండోది ల్యాండ్ పూలింగ్, అందరి భూమీ కలిపి తిరిగి పంచడం. గుజరాత్ టౌన్ ప్లానింగ్ స్కీముల్లో 5 శాతం పార్కులకి, అమరావతి పూలింగ్‌లో 10 శాతం. అందరి భూమిలోంచీ కొంచెం పోతుంది కాబట్టి ఒకడి నెత్తిన పడదు. మూడోది నేరుగా కొనడం, ఇది ఊరు రాకముందే జరగాలి. మీ దగ్గర ఆ సమయం దాటింది, ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) బయట ఇంకా ఉంది. అందుకే "ఓఆర్‌ఆర్‌కీ రీజినల్ రింగ్ రోడ్డుకీ మధ్య ఇప్పుడే కొనండి" అని ఒక పేరా చేర్చండి.

కందిచేను
ప్రభుత్వ భూమి గూడ చూడున్రి. వేలం ఏసే ముందు ప్రతి ముక్కల పార్కుకింత అని పక్కకి పెట్టాలె. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కాడ చెట్లు కొట్టుడు 2025 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు ఆపేదాంక పోయింది. ముందే ప్లాన్‌ల గీసి ఉంటే ఆ లొల్లి ఉండకపోవు.

మొక్కలమేస్త్రి
పార్కు వచ్చాక సంగతి ఎవరూ మాట్లాడలేదు. మూడో ఏడు వేసవిలో సగం పార్కులు ఎండుతాయి, కారణం లాన్. మన ఎండకి చదరపు మీటరు లాన్ రోజుకి 5 లీటర్లు తాగుతుంది. ఎకరం లాన్‌కి 20 వేల లీటర్లు, అంటే రెండు పదివేల లీటర్ల ట్యాంకర్లు, ప్రతిరోజూ, మార్చి నుంచి వాన పడేదాకా. బోరు ఎండితే పార్కూ ఎండుతుంది. లాన్ మొత్తంలో ఐదో వంతు దాటకూడదు, మిగతాది చెట్ల నీడ, మొరం నేల. శుద్ధిచేసిన మురుగునీటి పైపు పార్కు దాకా వేయించండి, తాగే నీళ్ల పైపుకి దూరంగా, వేరే రంగులో. రోడ్డు వేయకముందే వేయాలి. తర్వాత తవ్వడానికి అనుమతే దొరకదు.

చెట్లు: మీటరు × మీటరు × మీటరు గుంత, ఆరడుగుల మొక్క. తవ్విన రాళ్లూ సిమెంటు పెచ్చులూ మళ్లీ అందులోకే తోసేస్తారు, మొక్క చచ్చేది అక్కడే. వేప, కానుగ, నేరేడు, చింత నిలుస్తాయి. ఎర్ర తురాయి, పచ్చ తురాయి తొందరగా ఎదుగుతాయి, జూన్ ఈదురుగాలికి విరుగుతాయి, బెంచీల మీద వద్దు. మర్రి, రావి ట్రాక్‌కి పది మీటర్ల దూరంలో. కోనోకార్పస్ నాటడం రాష్ట్రంలో ఎప్పుడో ఆపేశారు, కాంట్రాక్టర్ బిల్లులో ఇంకా కనపడితే కొట్టెయ్యండి. మొదటి మూడేళ్లు నీళ్లు పోసే బాధ్యత నాటిన కాంట్రాక్టులోనే ఉండాలి, బతికిన మొక్కకే చివరి బిల్లు.

పన్నుకట్టేవాడు
2019 మున్సిపాలిటీల చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం గ్రీన్ బడ్జెట్, నాటినవాటిలో 85 శాతం బతకాలని ఉంది. అందులోంచి పార్కు నిర్వహణకి ఎంతో విడిగా చూపించమనండి. ప్రారంభోత్సవానికి డబ్బుంటుంది, మాలీ జీతానికుండదు.

పిల్లలతల్లి_నానమ్మ
ఉయ్యాల ముందూ వెనకా కడ్డీ ఎత్తుకి రెట్టింపు ఖాళీ వదలాలి. 2.4 మీటర్ల ఎత్తయితే ఇటు 4.8, అటు 4.8. అర ఎకరం పార్కులో ట్రాక్ పక్కనే ఉయ్యాల పెట్టి నడిచేవాళ్ల మొహాలు పగలగొడుతున్నారు. రేకు జారుడుబండ పడమటి ఎండకి పెడితే సాయంత్రం నాలుగుకి పిల్లల తొడలు కాలతాయి, ఉత్తరం వైపు తిప్పాలి. కింద సిమెంటు టైల్స్ కాదు, అడుగు లోతు ఇసుక. దీపస్తంభం చెట్టు కొమ్మల కన్నా కిందుండాలి, లేకపోతే వెలుగంతా ఆకుల మీదే. మరుగుదొడ్డి లేని పార్కుకి ఆడవాళ్లూ ముసలివాళ్లూ అరగంట మించి ఉండరు.

మొక్కలమేస్త్రి
ట్రాక్‌కి ఇంటర్‌లాకింగ్ టైల్స్ వద్దని కూడా. చెట్టు వేరు లేపుతుంది, మోకాళ్లు పోతాయి. కుదించిన మొరం, 50కి 1 వాలు, అంచుకి రాయి. ఇద్దరు పక్కపక్కన నడిచి మూడోవాడు దాటేందుకు 2.4 మీటర్లు.

సర్వేగొలుసు
ఇవన్నీ కొత్తవాటికి. ఉన్నవి నిలబెట్టుకోవడం ముందు. ఆమోదించిన లేఅవుట్ నకళ్లు ఆర్టీఐలో తీసుకోండి. ప్రతి పార్కు ముక్కకీ మున్సిపాలిటీ పేర గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రిజిస్టర్ అయిందో లేదో చూడండి. కాకపోతే కాగితం మీద అది ఇంకా లేఅవుట్ యజమానిదే, అతని వారసులు ప్లాట్లుగా అమ్ముతారు. డీడ్‌లో హద్దులు "తూర్పు: 30 అడుగుల రోడ్డు" అని వదిలేసి కొలతలు లేకుండా రాస్తారు, గొడవలన్నీ అక్కడే పుడతాయి. సర్వేయర్‌తో కొలిపించి, నాలుగు మూలల కోఆర్డినేట్లు రాయించి, సర్వే నంబర్లు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) ఎక్కించమని సబ్‌రిజిస్ట్రార్‌కి మున్సిపాలిటీ చేత లేఖ పెట్టించండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల చిత్రాలు వరసగా ప్రింట్ తీస్తే ఆక్రమణ ఎప్పుడు మొదలైందో తేలుతుంది. కర్ణాటకలో చట్టమూ ఉంది, 1985 నాటి పార్కులు, ఆటస్థలాల పరిరక్షణ చట్టం. బెంగళూరులో పార్కు స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి ఇస్తే సుప్రీంకోర్టు 1991లో కొట్టేసింది, ఆ తీర్పు జత చేయండి.

కందిచేను
గుడి కట్టినోళ్లని, వాటర్ ట్యాంక్ కట్టినోళ్లని గూడ లెక్కల పెట్టు. పార్కుల సగం పోయేది కబ్జాకి కాదు, "ప్రజా అవసరానికి".

తెల్లాపూర్_తూర్పు
కొత్త ముసాయిదా, ముఖ్యాంశాలు మాత్రం:

మా పరిధిలో ఇప్పుడున్న, అనుమతి పొందిన ఫ్లాట్లు ఇన్ని, జనాభా ఇంత (పట్టిక జత). మెట్లవారీగా ఉండాల్సింది, ఉన్నది, లోటు. ప్రధాన రోడ్డు దాటకుండా 400 మీటర్ల నడక. ఖాళీస్థలం ఫ్లాట్ల సంఖ్య మీద, తలకి 2 చదరపు మీటర్లు, నేల మీదే, బఫర్ కలపకుండా. ఓపెన్ స్పేస్ చార్జీలకి వార్డు ఖాతా. ఆటస్థలాలు విడి పట్టిక. పార్కుకిచ్చిన భూమికి 400 శాతం టీడీఆర్. ఎస్‌టీపీ (శుద్ధిచేసిన మురుగు) నీటి పైపు.

ఫ్లాట్ల సంఖ్య ఎక్కడ దొరుకుతుంది?

చదరపుగజం
రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్టువారీగా ఉంటుంది. గ్రామం పేరుతో వెతికి ఎక్సెల్‌లో వేసుకో. ఖాళీ ఫ్లాట్లు తీసేయకు, 2050కి నిండుతాయి.

మామిడితోపు_నారాయణ
టీడీఆర్ పక్కన గడువు కూడా రాయండి. "ప్లాన్ అమల్లోకొచ్చిన పదేళ్లలో తీసుకోవాలి, లేకపోతే విడుదల చేయాలి."

చెరువుగట్టు
విడుదల అని రాస్తే పదేళ్లు ఊరికే కూర్చుని వదిలేస్తారు. "ఏటా పదో వంతు" అని రాయి, ఏటా అడగొచ్చు.

తెల్లాపూర్_తూర్పు
రెండూ రాస్తా. ఆదివారం సంఘం మీటింగ్‌లో పెడుతున్నా. సర్వే నంబర్ల జాబితా ఎవరి దగ్గరైనా ఉంటే శనివారం లోపు మెసేజ్ చేయండి.